డ్రైవర్ కొవ్వుకు లగేజీ టికెట్

ఓబులేసు స్టీరింగుకు దణ్ణం పెట్టుకుని ఇంజను స్టార్టు చేయబోతుంటే కండక్టర్ మద్దిలేటి ముందుకొచ్చి అతని చేతిలో ఒక టికెట్ పెట్టాడు.

డ్రైవరుకు టికెట్ కొట్టడం ఓబులేసు ఎన్నడూ చూడలేదు. పూజారికి తీర్థం అమ్మినట్టుంది. అటూ ఇటూ తిప్పి చూశాడు. లగేజీ టికెట్.

"ఎవురిదిరా ఇది?"

"నీదేన్నా."

"నా కాడ లగేజీ యాడుంది? సద్ది క్యారియరు తప్ప."

మద్దిలేటి ఓబులేసు చొక్కా కింది గుండీ వైపు వేలు చూపించాడు. ఆ గుండీ చాలాకాలంగా ఊపిరి బిగబట్టుకుని బతుకుతోంది.

"పద్దెనిమిది కిలోల కొవ్వు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఈ పొద్దు నుంచి అమలు. కొట్టకుంటే నా ఉద్యోగం పోతాది. నల్లచెలమ దాకా ఒక్క తట్టుకే కొట్టినాలే. వచ్చేటప్పటికి తగ్గుంటే చూద్దాం."

బస్సంతా నవ్వింది. ఓబులేసు నవ్వలేదు. టికెట్‌ను మడిచి జేబులో పెట్టుకుని, తన లగేజీతో సహా బస్సును కొండ దారి పట్టించాడు.

గొల్లకనుమ డిపో నుంచి నల్లచెలమకు రోజుకు ఒక్కటే బస్సు. కొండ మీద ఊరు, దారి పొడవునా మలుపులు. బస్సు ఎంత పాతదంటే దాని స్టీరింగు తిప్పడానికి మనిషి రెండు భుజాలూ తాకట్టు పెట్టాలి. డిపోలో మిగతా డ్రైవర్లు తలా ఒకసారి వెళ్లి, నడుం పట్టుకుని దిగి, మళ్లీ ఆ ఊరి పేరెత్తలేదు. ఓబులేసుకు మాత్రం ఆ దారంటే ప్రాణం. అతను ఆ సీటు దిగిన రోజు ఆ బస్సు ఆగిపోతుందని అతనికి తెలుసు, నల్లచెలమకు తెలుసు, ఆఖరికి బస్సుకు కూడా తెలుసేమో, వేరేవాడు ఎక్కితే ఒక పట్టాన స్టార్టయ్యేది కాదు.

ఆ బస్సుకు కుడివైపు వైపరు లేదు. కిందటేడు గాలివానకు ఊడి లోయలో పడింది. కొత్తది ఇమ్మని అడిగితే స్టోర్సు కీపరు శేషఫణి నిబంధన చదివి వినిపించాడు. ఏ సామానైనా పాతది అప్పగిస్తేనే కొత్తది. పాతది లోయలో ఉందని ఓబులేసు చెప్పాడు. అయితే కొత్తది కూడా అక్కడే అమర్చుకోమన్నాడు శేషఫణి. అప్పటి నుంచి వానొస్తే ఓబులేసు ఒక చేత్తో బస్సు నడిపి ఇంకో చేత్తో అద్దం తుడుస్తున్నాడు.

ఇంతకీ ఈ లగేజీ టికెట్ కథ రాజధానిలో మొదలైంది. గొల్లకనుమ డిపోకు తల్లిదండ్రీ అయిన జనరథ సంస్థలో డీజిలు ఖర్చు పెరిగిపోతోందని పెద్దలు సమావేశమయ్యారు. ఇంజన్లు పాతబడ్డాయని ఒకాయన అన్నాడు. రోడ్లు గుంటలు పడ్డాయని మరొకాయన అన్నాడు. రెండూ నిజమే కనుక, రెండూ బాగుచేయాలంటే డబ్బు కావాలి కనుక, రెంటినీ పక్కన పెట్టారు. అప్పుడు ఎవరో కిటికీలోంచి చూస్తే ఒక డ్రైవరు బస్సు దిగుతున్నాడు. ముందు అతని పొట్ట దిగింది, కాసేపటికి అతను దిగాడు. సమస్య దొరికింది.

వెంటనే కాయసామర్థ్య విభాగం ఏర్పడింది. దానికి పరాంకుశం గారు ప్రత్యేకాధికారి అయ్యారు. ఆయన ఒంట్లో కొవ్వు లేదు, కండ కూడా లేదు. చొక్కాను కొక్కేనికి తగిలించినట్టుండేవారు. అందుచేత ఆ విభాగం నిబంధనలేవీ ఆయనకు వర్తించవు. ఆ ఉద్యోగానికి అంతకు మించిన అర్హత ఏముంటుంది?

ఆయన గొల్లకనుమకు వచ్చి డిపో ఆవరణలో సిబ్బందినందరినీ నిలబెట్టి మాట్లాడారు.

"దేహమునందు రెండు పదార్థములున్నవి. నియామకము నాడు మనము ఛాతీ కొలిచి స్వీకరించినది కండ. అది సంస్థ ఆస్తి. తదుపరి కాలములో వచ్చి చేరినది కొవ్వు. దానిని సంస్థ నియమించలేదు. సంస్థ నియమించనిది, మనిషి కానిది, సంస్థ బస్సులో ప్రయాణించుచున్నచో దానిని ఏమందురు?"

సిబ్బంది ఒకరి పొట్ట వైపు ఒకరు చూసుకున్నారు.

"లగేజీ అందురు," అన్నారాయన.

డిపో మేనేజర్ చిదానందం గారు పై అధికారి ఏది చెప్పినా దాని మీద ఇంకో మెట్టు కట్టే మనిషి. ఆయన చెయ్యెత్తి, డ్రైవరు క్యాబిన్‌లో లగేజీ ఉంచరాదని ప్రతి బస్సులోనూ రాసి ఉందని వినయంగా గుర్తుచేశారు. పరాంకుశం గారి కళ్లు చెమర్చాయి. ఇంత సూక్ష్మబుద్ధి ఇంత చిన్న డిపోలో ఉందని ఆయన అనుకోలేదు.

అక్కడికక్కడే ఉత్తర్వు తయారైంది. డ్రైవర్లకు మూడు నెలలు గడువు. ఈలోగా కొవ్వుకు కండక్టరు టికెట్ కొట్టాలి. పన్నెండు కిలోల దాకా చేతిసంచి కింద మినహాయింపు ఉంటుంది. గడువు దాటాక అంతకు మించి ఉన్నవాణ్ణి స్టీరింగు దగ్గర నుంచి లేపి విచారణ కౌంటర్లో కూర్చోబెడతారు. డ్రైవరు దొరకని రూటును రద్దు చేస్తారు. ఇంకొక మాట కూడా ఉంది. పోవలసింది లగేజీ మాత్రమే. దానితోపాటు కండ కూడా తగ్గితే సంస్థ ఆస్తికి నష్టం కలిగించినట్టు లెక్క.

పక్కన నిలబడ్డ మద్దిలేటి ఓబులేసు చెవిలో గొణిగాడు. మూట దించమంటున్నారు గానీ భుజం కదలకూడదంట.

ఆ రోజే పెద్దాసుపత్రి నుంచి ఆహార వైద్యురాలు నస్రీన్‌ను కూడా పిలిపించారు. ఆ అమ్మాయి కాసేపే మాట్లాడింది. పస్తులుండొద్దంది. తినేదాంట్లో కొంచెమే తగ్గించమంది. ప్రతి పూటా పప్పో, గుడ్డో, పెరుగో, చేపో, ఏదో ఒక మాంసకృత్తు ఉండాలంది. బరువులెత్తమంది, కంటినిండా నిద్రపొమ్మంది, తొందరపడొద్దంది. అందరికీ అర్థమైంది. అంత సులభంగా అర్థమయ్యేది ఉత్తర్వు కాజాలదు గనుక పరాంకుశం గారు దాన్ని రాసుకుని రాజధానికి పట్టుకెళ్లారు.

ఓబులేసు మాత్రం ఆ మాటలు సగమే విన్నాడు. మిగతా సగం సేపు అతని మనసు విచారణ కౌంటర్లో ఉంది. చిల్లుల అద్దం వెనక కూర్చుని, "నల్లచెలమ బస్సు ఎప్పుడు?" అని అడిగినవాళ్లకు "రద్దయింది" అని చెబుతున్నట్టు కనిపించింది. ఆ భయంతో ఇంటికి పోయి, ఆ రాత్రి నుంచే తిండి మానేశాడు.

భార్య సుంకులమ్మ మొదటి రోజు ఊరుకుంది. రెండో రోజు తిట్టింది. తరవాత అతని ముందే కూర్చుని, నంజుకోవడానికి వేయించిన మిరపకాయ కరకరలాడిస్తూ తినడం మొదలుపెట్టింది. ఓబులేసు నిమ్మకాయ నీళ్లు తాగి పడుకున్నాడు.

వారం తిరిగేసరికి గుర్రపు మలుపు దగ్గర సంగతి బయటపడింది. ఆ మలుపులో స్టీరింగును ఒక్క ఊపున చివరిదాకా తిప్పాలి. ఓబులేసు తిప్పాడు. సగందాకా వచ్చి చేతులు ఆగిపోయాయి. బస్సు ముక్కు లోయ మీదికి పోయి నిలబడింది. అద్దంలో రోడ్డు లేదు, ఆకాశం ఉంది. బస్సులో కోడిపెట్ట కూడా కిక్కురుమనలేదు. బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా మద్దిలేటిని పిలిచాడు. ఇద్దరూ కలిసి చక్రం తిప్పుతూ బస్సును రివర్సులో అంగుళం అంగుళం వెనక్కి తెచ్చారు.

ముందు సీట్లో కూర్చున్న ముసలమ్మ నాగమ్మవ్వ గట్టిగా ఊపిరి వదిలింది.

"నాయనా, రేపట్నుంచి రెండు ముద్దలు తినేసి రా. నీ కడుపుకు మా ప్రాణాలు తగిలించినావు."

ఆ సాయంత్రం డిపోలో మళ్లీ కొలత యంత్రం ఎక్కించారు. అది మనిషి నిలబడితే చాలు, కొవ్వెంతో కండెంతో విడివిడిగా చెప్పేస్తుంది. ఓబులేసుకు కొవ్వు కిలో తగ్గింది, కండ రెండు కిలోలు తగ్గింది. మర్నాడు పొద్దున్నే మెమో వచ్చింది. చిదానందం గారు దాన్ని నిలబడి చదివారు.

"సంస్థకు చెందిన రెండు కిలోల కండను ముందస్తు అనుమతి లేకుండా స్వంత శరీరమునకు ఇంధనముగా వినియోగించుకొన్నందులకు తగు సంజాయిషీ ఇవ్వవలెను."

ఓబులేసు ఆ కాగితం పట్టుకుని నేరుగా నస్రీన్ దగ్గరకు పోయాడు. ఆమె మెమో చదివి, నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"తప్పుగా రాయలేదన్నా, అదే జరిగింది," అంది. "మీరు తిండి పెట్టలేదు. ఒళ్లు ఊరుకుంటుందా? ఇంట్లో ఏది దొరికితే అది తినేసింది. దానికి పప్పు పెట్టండి, చేతులకు పని చెప్పండి. అప్పుడది కండ జోలికి పోదు, కొవ్వు తీసుకుని తింటుంది. కాకపోతే నెమ్మదిగా తింటుంది. మీరు తొందరపెట్టకండి."

అంతే. ఇంటికొచ్చి సుంకులమ్మకు చెప్పాడు. ఈ ముక్క తను మొదటి రోజే చెప్పానని ఆమె అంది. నిజానికి ఆమె చెప్పింది "తినకుంటే సస్తావు" అని. అయినా అందులో సారం ఉంది గనుక ఓబులేసు ఒప్పుకున్నాడు.

సంకటి ముద్ద సగమైంది, దాని పక్కన పప్పు రెట్టింపైంది. పొద్దున పెసరట్టుతో రెండు ఉడికించిన గుడ్లు. కొండ మీద బస్సు ఆగినప్పుడు మిరపకాయ బజ్జీల బదులు జేబులోంచి ఉడకబెట్టిన శనగలు. సాయంత్రం ఆకుకూర, చిక్కటి మజ్జిగ, వారానికి ఒకట్రెండు సార్లు నాటుకోడి. నెయ్యి భక్షాలు, అంటే బొబ్బట్లు, పండగలకు మాత్రమే. బరువుల సంగతి ఓబులేసు వెతుక్కోనక్కర లేదు. స్టీరింగే ఒక బరువు. అది చాలదని ప్రయాణికుల వేరుశనగ మూటలు తనే టాపు మీదికి ఎత్తడం మొదలుపెట్టాడు. నల్లచెలమ కూలీకి కోపం వచ్చింది గానీ, ఉద్యోగానికి గండం ఉందని తెలిసి సర్దుకున్నాడు.

సరిగ్గా ఇదే సమయానికి నస్రీన్ మాటలు రాజధానిలో నలిగి, ఉత్తర్వులై తిరిగొచ్చాయి.

ప్రతి పూటా పప్పో గుడ్డో తినాలని ఆమె అన్నదానికి, గుడ్డు, తిన్నట్టు రుజువుగా పెంకులు అప్పగించాలని వచ్చింది. డిపో గేటు దగ్గర పెంకుల డబ్బా పెట్టారు. పెంకు పగిలితే రెండు గుడ్లని చెప్పుకుంటారేమోనని, పగలకుండా తీసుకురావాలని సవరణ వచ్చింది. నిద్రపోవాలని ఆమె అన్నదానికి తనిఖీ బృందం తయారైంది. వాళ్లు అర్ధరాత్రి తలుపు కొట్టి, డ్రైవరును లేపి, నిద్రపోతున్నట్టు సంతకం తీసుకుని పోయేవాళ్లు. సంతకం చేసినవాడు మేలుకుని ఉన్నట్టే కదా అని సుంకులమ్మ తలుపు సందులోంచి అడిగింది. ఆ అంశాన్ని పై అధికారుల దృష్టికి తీసుకెళతామని చెప్పి వాళ్లు పక్కింటికి వెళ్లారు.

నెమ్మదిగా తగ్గాలన్న మాటకు మాత్రం సంస్థకు బాగా అలవాటైన పద్ధతి దొరికింది. కొవ్వు తగ్గుదలకు బస్సుల్లాగే టైంటేబులు వేశారు. ఆలస్యంగా తగ్గితే జరిమానా, ముందుగా తగ్గితే అతివేగం. పెళ్లిలో తిన్న వంకాయ కూర పడక కడుపు చెడి మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్న డ్రైవర్ జమాలు, టైముకు ముందే రెండు స్టేజీలు దాటిపోయినట్టు తేలింది. అతివేగం కింద అతని మీద కేసు రాశారు. ఇంకోసారి కడుపు చెడితే నిర్ణీత వేగంతో చెడాలని హెచ్చరించి వదిలేశారు.

మద్దిలేటి రోజూ టికెట్ కొట్టాడు. కిలో తగ్గినప్పుడల్లా ఓబులేసు కంటే వాడికే సంతోషం. బస్సు ఎక్కిన నల్లచెలమ జనం కూడా "ఈ పొద్దు ఎంతకు కొట్టినావు?" అని ముందు అది అడిగి తరవాత తమ టికెట్ తీసుకునేవాళ్లు. ఆ ఊరికి వేరే బస్సు లేదు మరి.

గడువు రోజు వచ్చింది. పరాంకుశం గారు స్వయంగా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. డ్రైవర్లు ఒక్కొక్కరే యంత్రం ఎక్కి దిగారు. కొందరు కొవ్వుతో కౌంటరుకు వెళ్లారు, కొందరు కండ తగ్గి మెమోకు వెళ్లారు. ఓబులేసు ఎక్కాడు. గుర్రపు మలుపులో కూడా అతని గుండె అంతగా కొట్టుకోలేదు.

కొవ్వు పదకొండు కిలోలు. కండ ఉద్యోగంలో చేరిన నాడెంతో అంతే ఉంది. పోయిన రెండు కిలోలూ తిరిగొచ్చి కూర్చున్నాయి.

పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. సంస్థ చరిత్రలో ఆస్తికి నష్టం లేకుండా లగేజీ దించిన మొదటి డ్రైవరు ఓబులేసేనని ప్రకటించారు. చిదానందం గారు దండ తెప్పించారు. దండ మెడలో పడేలోపు స్టోర్సు కీపరు శేషఫణి గొంతు సవరించుకున్నాడు.

శేషఫణి ఎవరికీ శత్రువు కాదు. నిబంధనకు మిత్రుడు, అంతే. అతను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"తీసేసిన ఏడు కిలోలు ఎక్కడున్నవి?"

ఓబులేసుకు అర్థం కాలేదు. కరిగిపోయిందన్నాడు.

కరిగితే ద్రవరూపంలో అప్పగించాలన్నాడు శేషఫణి. సంస్థ వాహనం నుంచి గానీ, సిబ్బంది నుంచి గానీ తొలగించిన ఏ భాగమైనా స్టోర్సులో జమ కావాలి. పాత టైర్లు జమవుతాయి, పాత ఇంజనాయిలు జమవుతుంది. ఏడు కిలోల కొవ్వును ఉద్యోగి బయట ఎక్కడో స్వేచ్ఛగా వదిలేశాడంటే, రేపు టైరు కూడా వదిలేస్తాడు.

అది సంస్థ కొవ్వు కాదు, లగేజీ అని కదా అన్నారని ఓబులేసు వాదించాడు. లగేజీ అయితే మరీ మంచిదని శేషఫణి అన్నాడు. బస్సులో ప్రయాణికుడు వదిలేసిన లగేజీని సిబ్బంది డిపోలో అప్పగించాలి. ఏ దారిన పోయినా అది స్టోర్సుకే రావాలి.

పరాంకుశం గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. దండను వెనక్కి తీసుకున్నారు.

"వారం లోపల అప్పగించవలెను. లేనిచో సంస్థ సామగ్రిని దారి మళ్లించినట్లు భావించి, స్టీరింగు విధుల నుండి తప్పించి, సదరు రూటు రద్దు చేయబడును."

ఆ రాత్రి ఓబులేసుకు తనిఖీ బృందం అవసరం లేకుండానే నిద్ర పట్టలేదు. మూడు నెలలు తిండి మీద యుద్ధం చేసి గెలిచాడు. తినే కంచంలో లేదు ఈ ముల్లు. చెమటలో పోయిందాన్ని, ఊపిరిలో పోయిందాన్ని ఎవడు పట్టుకొస్తాడు? సుంకులమ్మ మాత్రం ఒక్క మాటంది.

"ఆ మేనేజరుకు చెప్పు. కావాలంటే నేను నెల్లోపల అంతా తిరిగి నీ ఒంటికి ఎక్కిస్తా. అప్పుడు నిన్నే స్టోర్సులో జమ చేసుకోమను."

దారి మద్దిలేటికి దొరికింది. ఒక పొద్దున వాడు మాంసం అమ్మే సియ్యల కొట్టు దస్తగిరి దగ్గర ఆగి, గొర్రె కొవ్వు ఏడు కిలోలు తూయించి, క్యానులో వేయించి బస్సుకు పట్టుకొచ్చాడు.

"ఇది నాది కాదు గదరా," అన్నాడు ఓబులేసు.

"వాళ్లడిగింది కొవ్వన్నా. నీదని రుజువు చెయ్యమన్యారా? నీది కాదని వాళ్లు రుజువు చెయ్యమను."

శేషఫణి క్యాను తూచాడు. సరిపోయింది. అతని ముఖంలో, ఓబులేసు ఎన్నడూ చూడని ప్రశాంతత కనిపించింది. రసీదు రాస్తూ, సామాను స్థితి ఏమిటని తనను తనే ప్రశ్నించుకుని, "వాడినది" అని రాసుకున్నాడు. తరవాత తయారీ ఏ రకమని అడిగాడు.

ఓబులేసు తెల్లమొహం వేశాడు. ఏ టైరుకైనా తయారీ పేరు ఉంటుంది కదా, ఈ కొవ్వు దేనివల్ల తయారైందని శేషఫణి విడమర్చాడు. ఈసారి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు గనుక ఓబులేసు నిజమే చెప్పాడు. ఎక్కువ భాగం సుంకులమ్మ చేసిన భక్షాల మీది నెయ్యి.

తయారీ: నెయ్యి, అని శేషఫణి రాసుకున్నాడు.

ఓబులేసు దండ మళ్లీ బయటికొచ్చింది. కొంచెం వాడింది గానీ పనికొచ్చింది. అతను తాళం తీసుకుని బస్సు వైపు నడిచాడు. అప్పుడు చిదానందం గారు వెనక నుంచి ఆగమన్నారు. పక్కనే శేషఫణి ఉన్నాడు. నిబంధన ఇంకా పూర్తి కాలేదట.

పాతది అప్పగించినవాడికి కొత్తది ఇవ్వాలి.

ఓబులేసు నిలబడిపోయాడు. తనకు కొత్తది వద్దన్నాడు. వద్దనడానికి వీల్లేదన్నాడు శేషఫణి. పాత భాగం తీసేసి, కొత్తది అమర్చకుండా వాహనాన్ని రోడ్డు మీదికి పంపరాదు. బ్రేకు తీసేసి బ్రేకు వేయకుండా పంపుతారా? కొత్త కొవ్వు అమర్చేదాకా నల్లచెలమ బస్సు కదలడానికి లేదు. చిదానందం గారు దీనికి ఒక మెట్టు కట్టారు. అమర్చిన తరవాత మేనేజరు చూసి ధ్రువీకరించాలన్నారు.

రెండు రోజులు నల్లచెలమకు బస్సు పోలేదు. మూడో రోజు రాజధాని నుంచి లారీలో పార్సెలు వచ్చింది. ఓబులేసు రసీదులోని తయారీని బట్టి కొనుగోలు విభాగం వారు మొదటి రకం నెయ్యి, ఏడు కిలోల డబ్బా, సీలు వేసి పంపారు. మీద చీటీ అంటించి ఉంది. డ్రైవర్ ఓబులేసుకు అమర్చుటకు.

ఓబులేసు దాన్ని ఇంటికి తీసుకెళ్లాడు. సుంకులమ్మ గడప దాటనివ్వలేదు.

"మూణ్నెల్లు మజ్జిగలో వెన్న తీసి తీసి నీ ఒంట్లోంచి దించిందాన్ని, డబ్బాకెత్తి మళ్లీ నా ఇంటికే పంపినారా? దాన్ని ఇంట్లో పెట్టినావంటే నువ్వు బయట పడుకో."

ఓబులేసు డబ్బా చంకన పెట్టుకుని డిపోకొచ్చి, కదలని బస్సు మెట్ల మీద కూర్చున్నాడు. తింటే పన్నెండు దాటి కౌంటరుకు పోతాడు. తినకపోతే అమర్చనట్టే, బస్సు రద్దు. నెయ్యి వాసన కమ్మగా వస్తోంది. జన్మలో మొదటిసారి ఆ వాసనకు అతనికి ఏడుపొచ్చింది.

మద్దిలేటి వచ్చి డబ్బాను, చీటీని, బస్సును వరసగా చూశాడు. నిబంధనలో ఏముందో శేషఫణి చేత ఇంకోసారి చదివించుకొచ్చాడు. కొత్త భాగాన్ని వాహనంలో అమర్చాలని ఉంది. మనిషిలో అని లేదు. నిబంధన రాసినప్పుడు మనుషుల్లోంచి భాగాలు తీస్తారని ఎవరికీ తెలియదు.

వాడు గ్యారేజీ నుంచి తీగ తెచ్చి, డ్రైవరు సీటు కింద డబ్బాను బిగించి కట్టాడు. చిదానందం గారిని పిలిచాడు. ఆయన వంగి, డబ్బాను అటూ ఇటూ కదిపి చూశారు. కదల్లేదు.

"దృఢముగా అమర్చబడినది," అని ధ్రువీకరించారు.

ఓబులేసు తాళం తిప్పాడు. బస్సు ఒక్క దగ్గు దగ్గి కదిలింది. గేటు దాటాక మద్దిలేటి ముందుకొచ్చి, మొహమాటపడుతూ, చేతిలో ఒక టికెట్ పెట్టాడు. డబ్బా డ్రైవరు క్యాబిన్‌లో ఉంది మరి. ఏడు కిలోల లగేజీ.

కొండెక్కాక ఓబులేసు డబ్బా సీలు తీశాడు. నల్లచెలమ అంగన్‌వాడీలో పిల్లలు పప్పన్నం తింటున్నారు. ఎముకలు తప్ప ఏమీ లేని ఆ పిల్లల చేతుల వైపు చూశాడు. ఒక్కొక్కరి పప్పులో ఒక చెంచా వేశాడు. అప్పటి నుంచి రోజూ అంతే. నాగమ్మవ్వ తన వయసు కూడా దాదాపు అంగన్‌వాడీ వయసేనని వాదించి ఒక చెంచా సంపాదించుకుంది.

నెలాఖరున పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు. సీటు కింద నుంచి డబ్బా తీసి తూయించారు. ఖాళీ. ఓబులేసును యంత్రం ఎక్కించారు. ఏమీ తేడా లేదు. ఆయన డబ్బాను ఇంకోసారి బోర్లించి చూశారు. తరవాత మెల్లగా చెప్పి రాయించారు.

"అమర్చిన కొవ్వు నెల దినములలో సంపూర్ణముగా కరిగినది. కండ యథాతథము. ఈ పద్ధతిని అన్ని డిపోలయందు అమలుపరచవలెను."

గొల్లకనుమ ఆదర్శ డిపో అయింది. చిదానందం గారికి పదోన్నతి వచ్చింది. ఓబులేసు సీటు ఓబులేసుకు ఖాయమైంది, నల్లచెలమ బస్సు రద్దు జాబితాలోంచి పోయింది. ఇక శేషఫణి ఖాళీ డబ్బా జమ చేసుకుని, పాతది అప్పగించినందుకు నిండుది ఒకటి ఇచ్చాడు. నెలనెలా ఇస్తూనే ఉన్నాడు. నల్లచెలమ పిల్లల బుగ్గలు చూస్తే ఆ నిబంధన ఎంత గొప్పదో తెలుస్తుంది.

మొన్న గుర్రపు మలుపులో వాన దంచి కొట్టింది. ఓబులేసు ఒక చేత్తో చక్రాన్ని చివరిదాకా తిప్పి, ఇంకో చేత్తో అద్దం తుడిచాడు. మూడు నెలల పప్పు ఊరికే పోలేదు, ఇప్పుడు ఆ మలుపుక్కూడా ఒక్క చెయ్యే చాలుతోంది. అంత నెయ్యి పంపిస్తున్న సంస్థ ఒక వైపరు పంపదా అని నాగమ్మవ్వ వెనక నుంచి అడిగింది.

పంపదు. పాతది ఇంకా లోయలోనే ఉంది.